ఫిల్మ్‌లో లేని మోచెయ్యి

ఏక్‌బాల్‌పూర్,
మంగళవారం

అన్నయ్యకు,

ఫోన్ చేస్తే తిట్టేస్తాను, లేదంటే ఏడ్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

మెట్ల మీంచి పడ్డ చిన్నికి ఎక్స్‌రే తీసింది నువ్వే. ముంజేతిలో ఒక ఎముక విరిగిందని మీ నర్సింగ్ హోమ్ డాక్టరు కట్టు వేశాడు. ఆరు వారాలకు విప్పాడు. అప్పట్నుంచి పిల్ల కుడి అరచెయ్యి పైకి తిప్పలేకపోతోంది. మొన్న పూజ కాగానే తీర్థానికి ఎడంచెయ్యి చాపింది. మా అత్త ఆ చేతిమీద ఫెడీమని కొట్టింది. "ఏటే, తీర్తానికి ఎడం సెయ్యేటి? తల్లి నేర్పిన బుద్దులు!" అంది. నా పిల్లకు పొగరని ఇల్లంతా తీర్మానించేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పిల్లనూ పాత ఫిల్మ్‌నూ పట్టుకుని పెద్దాసుపత్రిలో పిల్లల ఎముకల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. బెంగాలీ పెద్దాయన. ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి, "మోచెయ్యి ఏదమ్మా?" అన్నాడు. ముంజేతిలో ఒక్క ఎముకే విరిగితే, రెండోదాని తల మోచేతి దగ్గర తప్పి ఉండొచ్చట. కొత్తగా ఫొటో తీయిస్తే చిన్నికి అదే తేలింది. మోచేతికీ ఫొటో తీయకుండా కట్టు వేయకూడదట. అప్పుడే చూసి విరిగిన ఎముక సరిచేసి ఉంటే, కోత లేకుండానే కీలు కూర్చునేదట. ఇప్పుడు అతుక్కున్న ఎముకను మళ్లీ కోయాలి.

ఇరవయ్యేళ్లుగా అదే పని చేస్తున్నావు. సొంత మేనకోడలి చెయ్యి సగమే తీస్తావా? డాక్టరు అడగలేదని మాత్రం చెప్పకు. ఇక నా గడప తొక్కకు.

రాజకుమారి

బడ్జ్ బడ్జ్,
శనివారం

చెల్లీ రాజీ,

నీ తిట్లన్నీ నాకు తగినవే. కానీ ఒకటి దాస్తే అది ఇంకో తప్పవుతుంది. మోచేతికి రెండో ఫిల్మ్ తీయబోయాను. చెయ్యి కదపగానే చిన్ని కెవ్వుమంది. నువ్వు తలుపు తోసుకొచ్చి, "సాలన్నియ్యా, సంపేత్తావేటి దాన్ని!" అని ఎత్తుకుపోయావు.

నిన్ననడానికి రాయలేదు. తల్లివి, చూడలేకపోయావు. నాకేమైంది? పరాయి పిల్లయితే రెండో ఫిల్మ్ తీసి తీరేవాణ్ణి. మేనమామనయ్యాను, పని చెడగొట్టాను. మోచెయ్యి లేని ఫిల్మ్ చూసి కట్టు వేసిన మా డాక్టరు మీద నాకూ మండుతోంది. ఆయన "ఏం కాదులే" అన్నాడు, నేను నోరు మూసుకున్నాను. జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, నిన్న ఆయన ఎదుటే ఆఫీసులో ఇచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

నీ గడప తొక్కను. ఆసుపత్రికి మాత్రం వస్తాను. ఆపరేషన్‌కు ముందు మళ్లీ ఫిల్ములు తీస్తారు. పిల్ల ఎంత ఏడ్చినా మనిద్దరినీ లోపలికి రానివ్వొద్దని అక్కడివాళ్లకు చెప్పి వచ్చాను.

నీ అన్న
మల్లేశు