గ్లాస్గో నుంచి ఎత్తిపొడుపు

గ్లాస్గో

శాలిబండ బోనాల కమిటీ అధ్యక్షుడు మొగులయ్య మామకు మేనకోడలు గీతాంజలి దండాలు.

ఇక్కడి కాలేజీలో స్కాట్లాండ్ పార్టీల పొత్తుల మీద వ్యాసం రాయమన్నారు. లేబర్ వాళ్లకూ కన్జర్వేటివ్ వాళ్లకూ మొదటినుంచీ పడదు. అయినా నేషనల్ పార్టీ "మా దేశం మాకు వేరే కావాలి" అనేసరికి, 2014లో ఇద్దరూ చేతులు కలిపి "కలిసే ఉందాం" అని తిరిగారు. ఓటింగులో గెలిచారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో జనం లేబర్‌ను ఊడ్చేశారు, స్కాట్లాండ్ మొత్తంలో ఒక్క సీటు మిగిలింది. శత్రువుతో కలిసినందుకే అంటారు. కమిటీ నడిపేవాడివి, నీకేమనిపిస్తుంది?

ఇట్లు,
గీత

తా.క.: కొమురమ్మ అత్తకూ చదివి వినిపించు.

శాలిబండ

చి. గీతాంజలికి మామ ఆశీస్సులు, అవి కూడా బలవంతంగానే.

స్కాట్లాండ్ పేరు పెట్టి నన్ను ఎత్తిపొడుస్తావా? సదర్ దున్నల పండుగ నాడు నా దున్నపోతును వెనక్కి తోసి తన దున్నను ముందు నడిపించిన బుచ్చయ్యతో నేను కలిశానని నీకెవరు చాడీలు మోశారు? కలిశాను, అయితే ఏంది? వెనక గల్లీ వాళ్లు "మా అమ్మవారి ఘటం మాకు వేరే, మా ఊరేగింపు మాకు వేరే" అని లొల్లి పెడుతుంటే చూస్తూ కూర్చోవాలా? ఘటాలు రెండైతే, ఘటం ముందు తలపాగా కట్టుకుని నడిచే నా పరువేం కావాలి? వచ్చే నెల దాని మీదే ఓటింగ్.

ఇట్లు,
మొగులయ్య

తా.క.: ఫోన్ చేయకు, మీ అత్త వింటుంది. ఆమె పుట్టిల్లు వెనక గల్లీలోనే.

గ్లాస్గో

కోపంలో ఉన్న మామకు,

అమ్మతోడు, నీ సంగతి నువ్వు రాస్తేనే తెలిసింది! నేను రాసింది చరిత్ర. లిబరల్ డెమోక్రాట్లు ఎడిన్‌బరోలో లేబర్‌తో కలిసి ఎనిమిదేళ్లు ప్రభుత్వంలో ఉన్నారు, తర్వాత లండన్‌లో కన్జర్వేటివ్‌ల పక్కన కూర్చున్నారు. అది కూడా నీ మీదేనా? ఒక్క మాట వింటావా: ఓటింగ్ గెలిచినా, వెనక గల్లీకి వెళ్లి నాలుగు మంచి మాటలు మాట్లాడు.

ఇట్లు,
ఏ పాపం ఎరగని గీత

తా.క.: అత్త ఎటు ఓటేస్తుంది?

శాలిబండ

మళ్లీ నన్నే అంటున్న మేనకోడలికి,

ఇటు మాతో ఉండి అటు పోయి కూర్చున్నది మన బ్యాండ్ మున్నా అని నాకు తెలియదనుకున్నావా? ఎవరు పిలిస్తే వాళ్లకు వాయిస్తాడు. వాడు లేకున్నా గెలిచాం! ఘటం ఒక్కటే. నేనూ బుచ్చయ్యా ఒకే దండ వేసుకుని ఫోటో దిగాం. గెలిచినవాణ్ని వెనక గల్లీకి పోయి బతిమాలమంటావా? సిగ్గుండాలి. వచ్చే ఆదివారం అధ్యక్షుడి ఎన్నిక. వాళ్లు ఎవరినో నిలబెడతారట, నిలబెట్టుకోనీ.

ఇట్లు,
కాబోయే అధ్యక్షుడు

తా.క.: ఫోటో చూసి మీ అత్త, "ఇద్దరు మంచిగున్నరు. పది మందికి చూపిద్దాం, ఇటియ్యి" అని తీసుకుపోయింది. ఎంత మంచి మనిషి!

శాలిబండ

గీతాంజలికి మాజీ అధ్యక్షుడు రాసేది.

అన్యాయం! వెనక గల్లీ మొత్తం ఒక్కటై వచ్చింది. మన ముందు గల్లీ వాళ్లేమో, "సదర్ నాడు నీ కోసమే బుచ్చయ్యతోని కొట్లాడి తలలు పగలగొట్టుకున్నం. నువ్వు పోయి ఆయనతోని ఒక్కటే దండ ఏసుకుంటవా?" అని అటే గుద్దారు. వాళ్లు నిలబెట్టింది ఎవరినో తెలుసా? మీ అత్తను! పొద్దున నాకు చాయ్ పోసిన మనిషి! ఓటు చీటీ మీద పేరు చూసేదాకా నాకు తెలియదు. "నాకెందుకు చెప్పలేదే?" అంటే, "బుచ్చయ్యతోని పొత్తు నాకు చెప్పినవా?" అన్నది. ఈసారి ఘటం ముందు ఆమె నడుస్తుంది.

పెట్టె విప్పితే నాకు ఒక్కటే ఓటు. అది తనదేనని బుచ్చయ్య అమ్మవారి మీద ఒట్టేసి చెబుతున్నాడు. నీ వ్యాసంలో రాసుకో, నాకేం ఫికర్ లేదు.

ఇట్లు,
మోసపోయిన మామ

తా.క.: మరి నీ ఓటేమైంది అంటావు. చీటీ మీద కొమురమ్మ పేరు కనబడేసరికి చెయ్యి అటే పోయింది. బుచ్చయ్యకు తెలియనీయకు, పొత్తు చెడుతుంది.