ఇంటింటి గోడ మీద కల్పలత

పద్మారావు నగర్,
సికింద్రాబాద్,
ఆదివారం.

చి॥సౌ॥ రజితకు బాపు దీవెనలతో రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అమ్మ పోయి ఇన్ని నెలలైనా చేతికి ఆ అలవాటు పోలేదు. ఇక్కడ ఉన్నది నేనొక్కణ్నే, నేను క్షేమమే. ఉట్నూరులో నువ్వు, అల్లుడు, నీ హాస్టల్ పిల్లలు బాగున్నారని తలుస్తాను. మీ దగ్గర సిగ్నల్ దొరక్క నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టావు గానీ, నాకు అదే మేలైంది. ఫోన్లో అయితే రెండు నిమిషాలకే మాటలు అయిపోతాయి. ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మోకాలి నొప్పి అలాగే ఉంది, పెరగలేదు. షుగర్ మాత్ర మరవడం లేదు. అన్నం వండుకుంటున్నాను, కూర మాత్రం సందు చివర కర్రీ పాయింట్‌లో తెచ్చుకుంటున్నాను. పగలు ఎలాగో గడిచిపోతుంది. దీపాలు పెట్టే వేళే ఇల్లు మింగేస్తున్నట్టు ఉంటుంది. టీవీ పెట్టుకుంటాను. అది మాట్లాడుతూనే ఉంటుంది గానీ నన్ను ఏమీ అడగదు.

అమ్మ బొమ్మ ఎంతవరకు వచ్చిందని అడిగావు. అది తర్వాత చెప్తాను, ముందు సన్మానం ముచ్చట విను.

మన కాలనీ సంఘం వాళ్లు ఈ ఏడు చుట్టుపక్కల బొమ్మలు గీసేవాళ్లను సన్మానించాలనుకున్నారు. నన్నూ, మన వైపు బడి గోడలన్నిటి మీదా అక్షరాలు రాసి జంతువుల బొమ్మలు వేసిన లాల్‌నూ ఎంచుకున్నారు. సంఘం కార్యదర్శి హరికిషన్ ఇంటికొచ్చి, "అంకుల్, మీ పెయింటింగ్స్ కొన్ని ఇయ్యుండ్రి, హాల్లో పెడ్తం" అన్నాడు. నా దగ్గర ఏమున్నాయి? జీవితమంతా పోయినవాళ్ల బొమ్మలు గీశాను. అవన్నీ ఎవరిళ్లకు వాళ్లవి వెళ్లి దండలు వేయించుకున్నాయి. అదే చెప్పాను. అతను తల గోక్కుని, "గట్లయితే ఇంటింటికి చెప్తం. ఒక్క పూటకు తెమ్మంటం" అన్నాడు.

తెచ్చారు బిడ్డా! మల్కాజ్‌గిరి నుంచి, బన్సీలాల్‌పేట్ నుంచి, ఆటోల్లో, స్కూటర్ల మీద, చంకలో పెట్టుకుని. దండలు తీసి, అద్దాలు తుడిచి మరీ తెచ్చారు. హాలు గోడలన్నీ నిండిపోయాయి. లాల్ వస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు. "అరే వేణు భాయ్, గింతమందిని నువ్వే గీసినవా? మన బస్తీ సగం ఈడనే ఉన్నది గదా!" అన్నాడు.

లాల్‌నూ ఆయన భార్యనూ పక్కపక్కన కూర్చోబెట్టి శాలువా కప్పారు. అలవాటు కొద్దీ నాకూ రెండు కుర్చీలు వేశారు. తర్వాత ఎవరికో గుర్తొచ్చి ఒకటి చప్పుడు కాకుండా తీసేశారు. దాన్ని ఉండనిస్తేనే బాగుండేది. హరికిషన్ మైకు పట్టుకుని, తన నానమ్మ ముఖం తన పిల్లలకు తెలిసిందంటే ఈ అంకుల్ వల్లే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం గోడల వైపే చూస్తూ కూర్చున్నాను.

ఎందుకో చెప్తాను. ఆ రోజుల్లో ఆడవాళ్లకు విడిగా ఫోటోలు ఎక్కడివి? పెళ్లి గుంపులో, వెనక వరుసలో గోరంత ముఖం. అది తెచ్చి, "మా అమ్మను గీయండి" అనేవారు. కళ్లు కనబడితే పెదవులు కనబడవు. అప్పుడు వంటింట్లోంచి మీ అమ్మను పిలిచేవాణ్ని. చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర కూర్చునేది. "ఇయ్యాల నేను ఎవల అత్తను కావాలె?" అని నవ్వేది. ఫోటోలో లేనిది ఆమెను చూసి వేసేవాణ్ని. ఒకరికి ఆమె నవ్వు, ఒకరికి గడ్డం, ఒకరికి చెవులు, ఇంకొకరికి ఒళ్లో పెట్టుకున్న చేతులు. తీసుకెళ్లినవాళ్లకు వాళ్ల అమ్మే కనబడేది, సంతోషంగా తీసుకెళ్లేవారు.

ఇన్నేళ్లకు అవన్నీ ఒక్కచోట చేరేసరికి, ఆ హాల్లో నాకు మీ అమ్మ తప్ప ఎవరూ కనబడలేదు. ఎటు తిరిగినా ఆమె నవ్వే. కళ్లనీళ్లు ఆగలేదు. సన్మానానికి పొంగిపోయాడనుకున్నారు పాపం.

సభ అయ్యాక బన్సీలాల్‌పేట్ శ్యామలమ్మ వాళ్ల అత్త బొమ్మ దింపుకుంటూ నా దగ్గరికొచ్చింది. "అన్నా, ఒక మాట చెప్త, ఏమనుకోకు. మా అత్త గిట్ల నవ్వంగ నేనైతె ఎన్నడు సూడలే. పొద్దుందాక కస్సుమనుడే. ఈ నవ్వు నువ్వు పెట్టినవు. నాకైతె ఆ కస్సుమనే మొఖమే యాదికొస్తది" అని బొమ్మను దుప్పట్లో చుట్టుకుని పోయింది. ఒక్కొక్కరే తమవాళ్లను తీసుకుని వెళ్లిపోయారు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే, మీ అమ్మ అన్ని ఆటోలూ ఎక్కి అన్ని దారుల్లోనూ వెళ్లిపోతున్నట్టు అనిపించింది. నేను శాలువా మడిచి పట్టుకుని ఒక్కణ్నే ఇంటికొచ్చాను.

ఇక దాచను. అమ్మ బొమ్మ అయిపోవచ్చిందని నీకు పోయినసారీ, అంతకుముందూ రాశాను. అది అబద్ధం. నువ్వు పంపిన ఫోటో ముందు పెట్టుకుని ఎన్నోసార్లు గీశాను. పోలిక కుదురుతుంది. కానీ పెదవులు వేయగానే శ్యామలమ్మ అత్త వచ్చి కూర్చుంటుంది. గడ్డం వేస్తే హరికిషన్ నానమ్మ. ఆ ముఖాన్ని అందరికీ పంచిపెట్టేశాను, మన ఇంటికి ఏమీ మిగల్చుకోలేదు. సంవత్సరీకం దగ్గర పడుతోంది. ఊళ్లో అందరి అమ్మలనూ గీసినవాడికి నీ అమ్మను గీయడం చేత కావడం లేదని ఎలా చెప్పను? నాకు ఆమె నిజంగా గుర్తుందా అని కూడా భయమేసింది బిడ్డా. ఆ భయంతోనే అబద్ధం రాశాను.

శ్యామలమ్మ మాట మాత్రం నన్ను వదల్లేదు. కోపంగా ఉన్న అమ్మను గీయమని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అంటే మీ అమ్మ కోపం నేను ఎవరికీ ఇవ్వలేదు! నేను తడి కుంచె మంచం మీద పెట్టినప్పుడు, నువ్వు సగం తిని లేచిపోయినప్పుడు, ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచేది చూడు. పెదవి బిగించేది, ముక్కుపుటాలు అదిరేవి. ఈ పొద్దున అదే గీశాను. ఫోటో చూడలేదు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. వచ్చింది ఇంకెవరూ కాదు, కల్పలతే.

పోయినావిడ గోడ మీంచి కసురుతుంటే దండ ఎలా వేసేదని చుట్టాలు అంటారేమో. నీకు నచ్చకపోతే పెట్టను. సంవత్సరీకానికి రెండు రోజులు ముందుగా రా. ఇది అమ్మేనో కాదో నువ్వే చెప్పాలి, ఈ ముఖం తెలిసినవాళ్లం మనిద్దరమే. ఇప్పుడు ఆ బొమ్మను ఎదురుగా పెట్టుకునే రాస్తున్నాను. ఏం తప్పు చేశానో తెలియదు గానీ, కాళ్లు దగ్గరకు ముడుచుకుని ఒద్దికగా కూర్చున్నాను. ఆమె పోయాక ఈ ఇంట్లో ఇలా కూర్చోవడం ఇదే మొదలు.

ఇట్లు,
మీ అమ్మకు ఇంకా భయపడే
నీ బాపు