తెల్ల గొర్రెల బొంత

బాపూ, భువనగిరిల నేను మంచిగనే ఉన్న, ఫికర్ చేయకు.

మా కుట్టు సెంటర్ల గొర్రెల బొమ్మలు అచ్చేసిన గుడ్డ ఇచ్చి, బొంత కుట్టమన్నరు. అన్నీ దూదోలె తెల్లటి గొర్రెలు. మన నల్లగొర్రెల మందల అసుంటిది ఒక్కటన్న ఉన్నదా? అందుకే అవ్వ వడికిచ్చిన నల్ల ఉన్నిదారంతోని వాటిమీద నల్లగ కుట్టుకుంట వచ్చిన.

"మంచి బొమ్మ ఖరాబు చేసినవ్, విప్పెయ్," అన్నది మా టీచరమ్మ.

"గొర్రెలు కాసేటోళ్ల బిడ్డను మేడం, గొర్రె ఎట్లుంటదో నాకు తెల్వదా?" అన్న. విప్పలే.

మా సెంటరోళ్లు పెట్టే ఎగ్జిబిషన్ల టీచరమ్మ నా బొంత పెట్టదంట. పెట్టకుంటె ఆ దినం గేటుకాడ నేనే కప్పుకొని నిలబడ్త.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? దవాఖానకు తీస్కపో. అందరికి దండాలు. దారం అయిపోయింది, అవ్వతోని జర వడికించి జల్ది పంపు. ఒక్క గొర్రె ఇంకా తెల్లగనే ఉన్నది.

నీ బిడ్డ శోభ