మల్లెలు పోసిన నువ్వులు

మండవల్లి,
ఏప్రిల్, 2006

ప్రియమైన శకుంతలకు,

చేతిరాత చూసి కంగారు పడకు. చెబుతున్నది నేనే, రాస్తున్నది మా కోడలు రూబీ. చికున్‌గున్యా జ్వరం తగ్గింది గానీ వేళ్లు బిగుసుకుపోయాయి. పెన్ను మాట దేవుడెరుగు, అన్నం కలుపుకోవడానికే చెయ్యి రావడం లేదు.

నువ్వు పంపిన వావిలాకు నూనె అందింది. మూత తీయగానే రూబీ ముక్కు మూసుకుంది (ఇది రాస్తూ నవ్వుతోంది). నాకది వద్దు. మనం టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మీ అమ్మగారు మల్లెపూల నూనె పంపేవారే, అది కావాలి. తలుపేసుకుని ఒకరి వీపు ఒకరం రుద్దుకుంటుంటే వాసన పట్టి వార్డెన్ వచ్చేసేది, గుర్తుందా? ఇప్పుడు మల్లెల రోజులే. చేసి పంపు.

వేళ్లు వంగని నీ
యేసమ్మ

ఏలూరు

ప్రియమైన యేసమ్మకు,

నీ వేళ్ల సంగతి చదివి ఏడుపొచ్చింది. కానీ ఆ నూనె మాత్రం అడక్కే.

అది కాచే నూనె కాదు. కడిగి ఆరబెట్టిన నువ్వుల మీద సాయంత్రం మల్లెలు పొయ్యాలి, మల్లెల మీద మళ్లీ నువ్వులు. పొద్దున వాడిన పూలు ఏరేసి, సాయంత్రం కొత్తవి. నువ్వులకు వాసన పట్టేదాకా రోజూ ఇదే పని. ఆ తరవాతే గానుగ.

అంటే రోజూ బుట్టెడు పూలు నా వాటాలోకి రావాలి. ఆయన పోయాక ఈ మూడేళ్లలో ఒక్క పువ్వు రాలేదు. ముందు వాటాలో మా బావగారు నరసింహమూర్తి గారు దేవుడికి కొంటారు. నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పూలమ్మి గొంతు తగ్గించేస్తుంది. అలా చెయ్యమని చెప్పింది బావగారే. పౌరోహిత్యం చేసుకునే ఇల్లు, నలుగురూ ఏమంటారోనని భయం. నాకూ అలవాటైపోయింది. ఆ వావిలాకు నూనే గోరువెచ్చగా రాయించుకో.

నీ
శకుంతల

మండవల్లి

ప్రియమైన శకుంతలకు,

అలవాటైపోయిందా? సంచెడు పుస్తకాలతో కొల్లేటి లంకల్లో పడవెక్కి పాఠాలు చెప్పొచ్చిన దానివి, పూలమ్మిని పిలవడానికి భయమా?

మా వరదానం గారు పోయినప్పుడు నేనూ కొన్నాళ్లు పూలు మానేశాను. నా బాధ కొద్దీ మానేశాను, ఎవరి పెత్తనానికో కాదు. అయినా నిన్ను తలలో పెట్టుకోమన్నానా? నువ్వుల్లో పొయ్యమన్నాను. ముత్తయిదువ నువ్వులు, విధవ నువ్వులు అని వేరేగా ఉంటాయేమిటే?

ఆ నూనె వచ్చేదాకా నా చేతులకు ఇంకోటి తాకనివ్వను. వేళ్లు ఇలాగే ఉండిపోతే పాపం నీదే. ఈ మాట రాయనని రూబీ మొండికేసింది. బలవంతాన రాయించాను.

దానికంటే మొండి
యేసమ్మ

ఏలూరు,
మే

ప్రియమైన యేసమ్మకు,

పోశానే. పూలమ్మిని నేనే కేకేసి బుట్ట దించమన్నాను. అది ముందు వాటా వైపు చూసింది. "అటు కాదు, నాకే" అన్నాను.

రెండో రోజుకే బావగారు వచ్చేశారు.

"ఏవిటమ్మా ఇది? ఇల్లంతా పెళ్లివారి విడిదిలా వాసన!"

"నువ్వులకండీ."

"నువ్వులకి పూలేవిటి? బయట పారబొయ్యి."

"నువ్వులు నేను కొన్నవండీ, పూలు నేను కొన్నవండీ. పారబొయ్యను."

అనేశానే. అప్పట్నుంచి ఆయన ఇటు వస్తే ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుంటున్నారు. నేను మాత్రం లోపల కూర్చోవడం మానేసి, వీధరుగు మీదే పూలు ఏరుతున్నాను.

మొదటి వాయి గానుగ ఆడించి సీసా పంపుతున్నాను. పొయ్యి మీద పెట్టనివ్వకు, వాసన పోతుంది. కాసేపు ఎండలో ఉంచి రాయించుకో.

నీ
శకుంతల

మండవల్లి,
జూన్

ప్రియమైన శకుంతలకు,

కోడిగీతల్లా ఉన్నా ఇవి నా అక్షరాలే. రూబీ రోజూ రుద్దుతోంది, వేళ్లు వంగుతున్నాయి. నూనె మహిమో, రూబీ చేతి మహిమో నాకు తెలియదు. నా గది మాత్రం మళ్లీ మన హాస్టల్‌లా ఉంది.

అన్నీ రాశావు, నువ్వు రాసుకున్నావో లేదో రాయలేదేం?

నీ
యేసమ్మ

ఏలూరు

ప్రియమైన యేసమ్మకు,

నువ్వు అడిగేనాటికి రాసుకోలేదు. నా సీసా మూత బిగించి అలమారలో దాచాను. అంత పోట్లాడీ అక్కడ ఆగిపోయాను చూడు.

ఇంతలో బావగారికీ చికున్‌గున్యా పట్టుకుంది. మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుంటూ గిన్నెతో వచ్చారు.

"వావిలాకు నూనె ఉందామ్మా?"

"లేదండీ. ఇప్పుడు నా దగ్గర మల్లెల నూనె ఒక్కటేనండీ."

గిన్నె ముందుకు చాపారు. నేను వెంటనే పొయ్యలేదు. ఆయన చూస్తుండగానే సీసా అరచేతిలో వంచుకుని, మోచేతులదాకా రాసుకున్నాను. మిగిలింది తలకి రాసుకున్నాను. ఆ తరవాతే గిన్నె నింపాను. గోడ పట్టుకుంటూనే పట్టుకెళ్లారు.

మోకాళ్లు కాస్త కుదుటపడి, నిన్న ఆయన వ్రతం చేయించడానికి వెళ్తే, "పంతులుగారూ, ఏం సెంటండీ?" అని అడిగారట. మా తోడికోడలు చెప్పి ఒకటే నవ్వు.

శనివారం పొద్దున్న కైకలూరు మీదుగా బస్సులో వస్తున్నాను. జడలో మూరెడు మల్లెలుంటాయి. జుట్టంతా తెల్లబడింది కదా, దూరానికి కనపడవు. వాసన పట్టుకుని రా.

నీ
శకుంతల