ఫిలోమెన్ ఇచ్చిన పొగాకు

చిట్టితల్లి లోర్నాకు నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ ఒకరి మీద ఒకరం సణుక్కుంటూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కిందటి ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. జూలై ఒకటిన, కెనడా పుట్టినరోజున, వాకిట్లో జెండా ఎగరేశానా అని మొదటిది. లేదమ్మా. మీ తాతయ్య యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది మొదలు ఏనాడూ మానలేదు. ఈసారి మాత్రం తాడు పట్టుకుని కాసేపు నిలబడి లోపలికి వచ్చేశాను. మన కెనడా మంచి దేశమని ఇప్పటికీ అనుకుంటాను. అలా అనుకుంటున్నందుకు సిగ్గుగానూ ఉంది.

టమాటాలు ఎందుకు వేయలేదన్నది రెండోది. దానికి కాస్త ఆగు.

ఆదివారం ఆరాధనకు ముందు, ఇక్కడి ఆదివాసులను తలుచుకుంటూ "ఈ నేల క్రీ ప్రజలది" అని చదివే పని చర్చిలో నాకే అప్పగించారు. నా గొంతు నిండుగా ఉంటుందట. మే నెలలో ఒకరోజు చదివి దిగుతుంటే జుట్టు నెరిసిన క్రీ ఆవిడ ఎదురొచ్చింది. పేరు ఫిలోమెన్, చిన్నప్పుడు తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కొచ్చి మన మిషన్ హాస్టలు బడిలో పెట్టారట. ఎర్రగుడ్డలో కట్టిన పొగాకు నా చేతిలో పెట్టింది. వాళ్ళు ఏదైనా అడిగే ముందు పొగాకు ఇస్తారనీ, పుచ్చుకున్నవాడు నిజమే చెప్పాలనీ ఇక్కడ పుట్టి పెరిగిన నాకు తెలుసు. తెలిసీ మర్యాదకు పుచ్చుకున్నాను.

"బడి వెనకాల గడ్డి కోసేది నువ్వే గదా అన్నా?"

"అవునమ్మా."

"మా తమ్ముడు బాసిల్‌ని అక్కడే పాతిపెట్టారు. ఏడేళ్ళోడు. ఎక్కడో చూపించు చాలు. క్షమాపణలు మాత్రం మొదలెట్టకు, వినీ వినీ చెవులు నొప్పెడుతున్నాయి."

ఇద్దరం వెళ్ళాం. అంతా గడ్డే. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. కంచె పక్కన స్ప్రూస్ చెట్టు కింద చూపించాను. అక్కడే కూలబడి, మట్టి నిమురుతూ, తమ్ముడితో వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. అప్పటినుంచీ వారం వారం వస్తోంది. నాకు రొట్టె కాల్చి తెస్తోంది. "మీ చర్చోళ్ళలో మాటలు కాకుండా చోటు చూపించింది నువ్వొక్కడివే" అంటుంది.

ఆ చోటు నాకు తెలియదు లోర్నా.

డెబ్బై ఒకటిలో గడ్డి కోసే యంత్రానికి అడ్డొస్తున్నాయని ఫాదర్ అంటే, ఆ పిల్లల సమాధుల మీది చెక్క సిలువలన్నీ పీకింది నేనే. ఏది ఎవరిదో రాసుకోవాలని కూడా తోచలేదు. గట్టి కర్ర, పారేయడం ఎందుకని ఇంటికి తెచ్చి, అడ్డకర్రలు ఊడదీసి, వాటి మీది పేర్లు గీకేసి, టమాటా మొక్కలకు ఊతంగా పాతాను. నువ్వు వాటిని పట్టుకునే నడక నేర్చావు.

వచ్చే నెల ఆ చెట్టు కింద బాసిల్ పేరుతో రాయి నిలబెడుతున్నారు. ప్రార్థన నన్నే చేయమంది ఫిలోమెన్. నిజం చెబితే దొరికిన తమ్ముణ్ణి మళ్ళీ లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే ఆమె ఉత్త గడ్డితో మాట్లాడుతూ ముసలిదవుతుంది. మోకరించి దేవుణ్ణే అడిగాను. ఆ చోటు ఆయనకు తెలుసు. నాకు చెప్పడం లేదు.

పొగాకు మూట నా ఆదివారపు కోటు జేబులోనే ఉంది. ఆ కోటుతోనే రేపు మళ్ళీ నిలబడి ఈ నేల ఎవరిదో చదవాలి.

ఇట్లు,
ఏమీ పాలుపోని మీ నాన్న,
ఆంబ్రోజ్