మొకంలో బరువు

జూలై 2, 2025

పిల్లలకి బరువులెత్తడం నేర్పే నా షెడ్డుకి ఫండ్ ఆగిపోయింది. స్పోర్ట్స్ ఆఫీసులో నారాయణమూర్తి గారు ఫ్యాన్ కింద కూచుని చెప్పారు. స్కీమ్ అయిపోయిందమ్మా రేఖా, పైనుంచి రెన్యూవల్ రాలేదు, మేమేం చేస్తాం అన్నారు. షెడ్డు ఓపెనింగ్ రోజు రిబ్బన్ కట్ చేసింది ఈయనే. దారి తప్పే పిల్లలకి ఆటే మందు అని మైకులో అరిచిందీ ఈయనే. మందు మధ్యలో ఆపేస్తే రోగం ఏమవుతాదని అడిగాను. నవ్వారు. టీ తాగమన్నారు. తాగలేదు.

ఒక కుర్రోణ్ణి పట్టుకుని జైల్లో పెట్టి మేపడానికి డబ్బుంది. ఆడు జైలుకెళ్లకుండా గుడ్లు పెట్టి బరువులెత్తించడానికి లేదు. నేను టెన్త్‌తో ఆపేశాను. మావ అప్పలసూరి వెల్డింగ్ షాపులో గేట్లు, గ్రిల్స్ చేస్తాను. వెయిట్ లిఫ్టింగ్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. షెడ్డులో బార్లు, స్టాండ్లు నేను అతికించినవే. నాకే తెలుస్తన్న లెక్క వాళ్లకి తెలీదా?

జూలై 4

ఈశ్వరి షాపుకొచ్చింది. దేవేంద్ర తల్లి. కూరగాయల బుట్ట నెత్తి మీంచి దించకుండానే ఏడ్చింది. దేవేంద్ర పదహారేళ్లకే ఏజెన్సీ కొండల నుంచి గంజాయి దించే బైకు వెనక కూచుని దొరికిపోయాడు. జువైనల్ హోమ్ నుంచి వచ్చాక నా షెడ్డులోనే పొద్దు గడుపుతాడు. నీ కాడ ఉన్నాడంటేనే నాకు కునుకు పడతాది, షెడ్డు ముయ్యకమ్మా అని చేతులు పట్టుకుంది.

ముయ్యనని చెప్పేశాను. ఎలాగో తెలీదు.

జూలై 11

ఎల్లాజీ గారు వచ్చారు. లారీలు తిప్పే ఎల్లాజీ. మన పిల్లల్ని మనం సూడకపోతే ఎవుడు సూస్తాడమ్మా అన్నారు. గుడ్లు, షూస్, ట్రాక్ సూట్లు, కిట్ బ్యాగులు అన్నీ ఆయనే ఇస్తారట. ఆదివారాలు పోటీలకి ఆయన వ్యానే.

గంతేశాను. మావ మాత్రం ఆయన వెళ్లేదాకా ఆగి, ఆడు ఓట్లకి నిలబడ్డం లేదు, గుడి కట్టడం లేదు, మరి ఏటికే ఇస్తన్నాడు అన్నాడు. నీకు అందరి మీదా అనుమానమే మావా అన్నాను. అవునే, నీ వెల్డింగ్ మీద కూడా అన్నాడు.

జూలై 12

గుడ్లు వచ్చాయి. పిల్లలు పెంకులొక్కటే మిగిల్చారు.

జూలై 19

జాతరలో సంగిడి రాయి ఎత్తే పోటీ ఉంది. మా దగ్గర రాయి ఎత్తితే చాలదు. మొకం వంకర పెట్టి ఎత్తితే జనం ఈలలేసి ఏడిపిస్తారు. గెలిచినా గెలిచినట్టు కాదు. అందుకే నా షెడ్డులో మొదటి రూల్ అది. బరువు కాళ్లలో ఉండాలి, మొకంలో కనపడకూడదు. బస్తా మోయించి షెడ్డు చుట్టూ నడిపిస్తాను. నడుస్తూ కబుర్లు చెప్పాలి.

దేవేంద్ర ఇసక బస్తా భుజానేసుకుని, నిన్న నువ్వొండిన కూర కుక్క కూడా వాసన చూసి పోయిందంట కదక్కా, మావ సెప్పాడు అంటూ దర్జాగా నడిచాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

ఎల్లాజీ గారు గుమ్మంలో నిలబడి చూశారు. ఆయన నవ్వలేదు. ఫోన్ తీసి దేవేంద్ర నడక వీడియో తీసుకున్నారు.

జూలై 27, ఆదివారం

నరసన్నపేటలో పోటీలట. నేనూ వస్తానంటే, నీకు షాపు పనుంటాది కదమ్మా, నేన్సూసుకుంటాను అన్నారు ఎల్లాజీ గారు.

సాయంత్రం పిల్లలు వ్యాన్ దిగారు. ఎవరేం ఎత్తారో ఎవరూ చెప్పలేదు. అందరం బాగానే ఎత్తామక్కా అని దేవేంద్ర షూ లేసులు సర్దుకున్నాడు. బార్ ఎత్తి మెడ కింద ఆనించుకుంటే అక్కడ చర్మం కందిపోతాది. నాకు ఇప్పటికీ కందుతాది.

ఒక్కడికీ కందలేదు.

ఆగస్టు 3, ఆదివారం

పలాసలో పోటీ అని వ్యాన్ వెళ్లింది. గేటు ఫిట్టింగ్‌కి నేను శ్రీకాకుళం వెళ్లాను. బస్సు కాంప్లెక్స్‌లో దేవేంద్ర కనపడ్డాడు. ట్రాక్ సూటు, భుజాన కిట్ బ్యాగు. పిలవబోయి ఆగిపోయాను. కానిస్టేబుల్ ఒకాయన ట్రాక్ సూటు చూసి ఏ ఆటరా అని అడిగాడు. వెయిట్ లిఫ్టింగ్ సార్, మీరూ రండి, పొట్ట తగ్గుతాది అన్నాడు వీడు. ఆయన నవ్వి పొమ్మన్నాడు.

చూసేవాళ్లకి ఆ బ్యాగులో రెండు జతల బట్టలే ఉన్నట్టుంటాది. నాకు మాత్రం మడమ పడే తీరు కనపడింది. బరువంతా కాళ్లలో ఉంది. మొకంలో లేదు.

ఆ నడక నాది.

ఆగస్టు 4

దేవేంద్రని షాపు వెనక్కి లాక్కెళ్లి చెంప మీద ఒకటిచ్చాను. మళ్లీ గంజాయేనా అన్నాను. ఆడు ఏడవలేదు. విచిత్రంగా చూశాడు. నీకు తెలుసు కదక్కా అన్నాడు.

ఎల్లాజీ వాళ్లకలా చెప్పాడట. మీ అక్కకి అన్నీ తెలుసు, పైకి మాట్లాడదు, మీరూ ఆ మాట ఎత్తకండి, మీరు బ్యాగు మోస్తేనే షెడ్డు నడుస్తాది అని. నా షెడ్డు బతకాలని మోశారు. నేను గుడ్లు పంచుతుంటే ఒకరి మొకాలొకరు చూసుకునేవారట.



మానెయ్యండ్రా అన్నాను. మానేస్తే ముందు నిన్నే ఇరికిస్తాడక్కా, షెడ్డు నీ పేరు మీదే ఉన్నాది అన్నాడు.

ఆగస్టు 6

ఆఫీసుకెళ్లాను. టేబుల్ అద్దం కింద ఫోటో, ఎల్లాజీ మా షెడ్డు పిల్లలకి షూస్ ఇస్తన్నది. ఇలాంటి దాతలుంటే స్కీమే అక్కర్లేదమ్మా అన్నారు నారాయణమూర్తి గారు. మొత్తం చెప్పాను. ఆయన పెన్ను మూత తిప్పారు. నిదానంగా ఆలోచించుకో, ముందు బయటికొచ్చేది నీ పేరే అన్నారు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అడిగారు, ఇంకెవరికైనా చెప్పావా అని.

బస్సు దిగేసరికి మా షాపు ముందు ఎల్లాజీ వ్యాన్ ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది.

ఆగస్టు 7

మావ ఇంటి తాళం మార్చాడు. 

ఆగస్టు 9, శనివారం, మధ్యాహ్నం

బ్యాగులొచ్చాయి. రేపటి కోసం ఎల్లాజీ మనుషులు షెడ్డులో పడేసి షట్టర్ దించి పోయారు. నేను నోరెత్తనని అంత నమ్మకం. జిప్పు తీశాను. పైన టవల్. కింద టేపు చుట్టిన ప్యాకెట్లు, వాసన రాకుండా కాఫీ పొడి.

స్టేషన్‌కి ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను. ఎల్లాజీ పేరూ చెప్పాను. వస్తన్నాం అన్నారు.

షాపు నుంచి కేబుల్ లాగాను. పోలీసోళ్లొచ్చేదాకా ఆ బ్యాగులు ఎవరూ తియ్యకుండా షట్టర్ దించి రెండు పక్కలా వెల్డ్ చేసేశాను. పట్టపగలు, సంత జనం చూస్తుండగా. మావ పరిగెత్తుకొచ్చాడు. ఆపుతాడనుకున్నాను. అడుగున ఒదిలీసినావు, ఇలాటి పనికి నేను జీతమియ్యను అని ఇంకో రాడ్డు అందించాడు.

దేవేంద్రకి ఫోన్ చేశాను. రేపు మోయడానికేం లేదు, వచ్చి నా పక్కన నిలబడి పోలీసోళ్లకి జరిగింది చెప్పు అన్నాను. ఆడు విని కట్ చేశాడు.

2:30

పోలీసోళ్లు రాలేదు. ఎల్లాజీ వచ్చాడు. ఎదురు బడ్డీలో టీ తాగుతూ నాకూ ఒకటి పంపాడు. పారబోశాను. నింపాదిగా వచ్చి షట్టర్ మీద అతుకు వేలితో తడిమి చూశాడు. బాగా చేశావమ్మా అన్నాడు. షెడ్డు మూసేస్తే పిల్లలు ఎక్కడికొస్తారు, నా కాడికే కదా అన్నాడు. ఫోన్ మాట్లాడుకుంటూ కోట రోడ్డు వైపు పోయాడు.

వాడు చెప్పినవాటిలో అదొక్కటే నిజం. అదే కాలుతంది నాకు.

4:10

దేవేంద్ర వచ్చాడు. ట్రాక్ సూటు లేదు. పాత బనీను. సంగిడి రాయి ఎత్తుకొచ్చి షట్టర్ ముందు దించి, దాని మీద కూచున్నాడు.

కోట రోడ్డు మీద దుమ్ము లేస్తంది. పోలీసు జీపో, ఎల్లాజీ వ్యానో.

మొకంలో కనపడనీకక్కా అన్నాడు.