సప్పుడు రాని మానిటర్

తమ్మీ ఎల్లేషూ, నేను నార్కట్‌పల్లి పోతున్న, పొద్దుగూకినంక వస్త. తొమ్మిదింటికి అవ్వకు బీపీ గోలి ఇయ్యి. పప్పు వేడి చేసి పెట్టు.

మధ్యాహ్నం సీరియల్ టైముకు గేమ్ బంద్ జేసి మానిటర్ అవ్వకియ్యి. పాత టీవీల గేమ్ ఆగుకుంట వస్తాందని, అందుకే ఓడిపోతున్ననని చెప్పి అవ్వ టీవీని ఎక్స్చేంజ్‌ల ఇచ్చి గిది తెచ్చినవ్. దీనికి స్పీకరే లేదు. నెల సంది ముసలామె మూగబొమ్మలు జూస్కుంట కూసుంటాంది. జూస్తుంటే నీ మీద రోత పుడ్తాంది.

సెకనుకు నూట ఇరవై బొమ్మలొస్తయ్, తేడా కంటికే తెలుస్తాందని దోస్తులకు ఎంత గొప్పలు చెప్పినవ్! మొన్న నీ గేమ్ సెట్టింగులు తెరిచి చూసిన. తెచ్చిన కాన్నుంచి అరవై మీదనే ఉన్నది. పాత టీవీల గూడ అరవయ్యే. మరి నీకు కనవడ్డ తేడా ఏందిరా? థూ.

లింగస్వామి మామ ఇంట్ల పాత స్పీకర్ ఉన్నదంట. సీరియల్ మొదలుగాక ముందే తెచ్చి పెట్టు.

నిరోషక్క

ఇంకోటి. మొన్ననే దాన్ని నూట ఇరవైకి మార్చిన. నీకు తెల్వనే లేదు. నిన్న మూడాటలు ఓడి, తప్పు కంట్రోలర్‌దన్నవ్, కొత్తది గావాలన్నవ్. అందుకే అవ్వ బంగారు కమ్మలు నా వెంట తీస్కపోతున్న.